బిడ్డ చదువు దయ కాదు, హక్కు

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, పదోన్నతులు, పింఛను, ఖాళీల భర్తీ - వీటిని గురించి మనం మాట్లాడని సభ లేదు. అవి మన ఉద్యమానికి ప్రాణం. అయితే మన సభ్యుల ఇండ్లలో ఏ కోర్కెల పత్రానికీ ఎక్కని బాధలు కొన్ని ఉన్నవి. వాటిలో ఒకదానిని గురించి నేడు మీతో ముచ్చటించదలచినాము.

2000వ సంవత్సరం ప్రాంతాన, ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటుగా పనిచేసే సోదరుడొకరు రాత్రి డ్యూటీ దిగి, ఇంటికైనా పోకుండా మా కార్యాలయానికి వచ్చినాడు. చేతిలో బదిలీ ఉత్తర్వు ఉన్నది. అతని కుమారునికి పదకొండేళ్ళు. మాటలో చురుకే, లెక్కలలో చురుకే; పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క వాక్యం కూడబలుక్కోవడం గగనమయ్యేది. ఉన్న ఊరి మునిసిపల్ బడిలో ఒక ఉపాధ్యాయురాలు రెండేళ్ళు శ్రమించి వానిని చదివే దారికి తెచ్చింది. కొత్త ఊరిలో విచారిస్తే, "ఇటువంటి పిల్లలకు మా వద్ద ఏర్పాటు లేదు" అన్నారట. "అన్నా, దేశంలోని ఊళ్ళన్నిటి ఉత్తరాలూ వేరుచేసి సరైన సంచిలో వేసేవాణ్ణి. నా బిడ్డను ఏ సంచిలో వేయాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు" అన్నాడా సోదరుడు.

మేము అర్జీ వ్రాసినాము, అధికారులను కలిసినాము. బదిలీ ఒక సంవత్సరం ఆగింది. విజయమని సంతోషించినాము. పిదప ఆలోచించగా సిగ్గు కలిగింది. మేము అడిగినది ఒక మనిషికి దయ. ఆ కొత్త ఊరి బడి ఎట్లున్నదో అట్లే ఉన్నది. ఆ బడికి పోయే హమాలీ బిడ్డకు, స్టేషను ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలి బిడ్డకు మా అర్జీ వలన ఒరిగినదేమీ లేదు. బడిని నడపవలసిన పురపాలక సంఘాన్ని మేము ఒక్క మాటైనా అడగలేదు.

నాడు 1995 నాటి చట్టంలో ఇటువంటి అభ్యసన లోపానికి చోటు లేదు. నేటి స్థితి వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చింది. అది గుర్తించిన 21 వైకల్యాలలో బుద్ధిమాంద్యం, ఆటిజంతోపాటు చదువు, వ్రాత, లెక్కలకు సంబంధించిన నిర్దిష్ట అభ్యసన లోపాలూ ఉన్నవి. ఈ చట్టం బాధ్యతను ప్రభుత్వంపై మాత్రమే కాక స్థానిక సంస్థలపైనా, అనగా పురపాలక సంఘాలు, పంచాయతీలు, కంటోన్మెంటు బోర్డులపైనా మోపింది. ప్రతి ఐదేండ్లకు ఒకసారి బడి పిల్లలను సర్వే చేసి, ఎవరికి ఏ అవసరమున్నదో, అది ఎంతవరకు తీరుతున్నదో తేల్చాలి. మొదటి సర్వే 2019 ఏప్రిల్ లోగా ముగియవలసినది. పరీక్షలలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు - ఇవన్నీ చట్టంలో ఉన్నవే. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. బదిలీ అయినంత మాత్రాన అది మాసిపోదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం మరొక ఆయుధం. తన పరిధిలో నివసించే 14 ఏండ్ల లోపు పిల్లల వివరాలు స్థానిక సంస్థ నమోదు చేసి ఉంచాలి. బదిలీ సర్టిఫికెట్టు ఆలస్యమైనదని ఏ బడీ ప్రవేశం నిరాకరించరాదు. రాజ్యాంగంలోని 12వ షెడ్యూలు సైతం వికలాంగుల, బుద్ధిమాంద్యుల ప్రయోజనాల రక్షణను పట్టణ స్థానిక సంస్థల పనుల పట్టికలో చేర్చింది.

మన సర్వీసు నిబంధనలలో కొన్ని సౌకర్యాలున్నవి. వికలాంగులైన పిల్లలకు విద్యాభత్యం రెట్టింపు. అట్టి బిడ్డను చూసుకొనే ఉద్యోగికి, పరిపాలనా అవసరాలకు లోబడి, సాధారణ బదిలీల నుండి మినహాయింపు ఇవ్వవచ్చునని 2014 జూన్‌లో కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు ఇచ్చింది. వీటిని సాధించుకోవాలి, నిలుపుకోవాలి. కాని భత్యంతో ఉపాధ్యాయుడు పుట్టడు. మినహాయింపుతో బడి బాగుపడదు. భత్యం మన సభ్యునికే అందుతుంది, బడి ఊరందరిది. ఈ తేడాను మరువరాదు.

ఇతర దేశాల అనుభవం చూడండి. 1901లో టాఫ్‌వేల్ రైల్వే సమ్మె కేసులో కార్మిక సంఘంపై వెలువడిన తీర్పు మనం తరగతులలో చెప్పుకొంటాము. ఆ రైలుమార్గమున్న వేల్స్ దేశం 2018లో ఒక చట్టం చేసింది. అదనపు అభ్యసన అవసరాలున్న వారికి 25 ఏండ్ల వరకు వర్తించే చట్టమది. గుర్తించిన ప్రతి బిడ్డకూ వ్యక్తిగత అభివృద్ధి ప్రణాళిక వ్రాతపూర్వకంగా ఉండాలి. స్థానిక సంస్థ నిర్ణయం నచ్చకుంటే ట్రిబ్యునల్‌కు వెళ్ళే హక్కు ఉన్నది. మన చట్టంలో ఉచిత విద్య 18 ఏండ్లకే ఆగిపోతుంది. ఆపైన ఆ యువకుడు ఎక్కడికి పోవాలి? తల్లిదండ్రులు రిటైరయ్యే వయసుకు ఈ ప్రశ్న గుండెపై బండవలె కూర్చుంటుంది.

మన దేశంలో ఉపాధ్యాయుల కొరత అసలు గండం. ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతులలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీలు నింపని యాజమాన్యాన్ని మనం ఎరుగుదుము. కనుక ఈ పోరాటం మనకు కొత్తది కాదు.

శాఖలు చేయవలసిన పనులు మూడు. ఒకటి, తమ కాలనీలలో ఇటువంటి పిల్లలున్న కుటుంబాలను కలవడం. వారి అనుమతి లేనిదే ఎవరి పేరూ బయటపెట్టరాదు. రెండు, సర్వే ఎప్పుడు జరిగింది, రైల్వే కాలనీలు, పోస్టల్ క్వార్టర్లు అందులో చేరినవా, ప్రత్యేక ఉపాధ్యాయులు ఎందరున్నారు అని పురపాలక కమిషనరును లిఖితపూర్వకంగా అడగడం. మూడు, ఉపాధ్యాయ సంఘాలను, పారిశుద్ధ్య కార్మికుల సంఘాలను, ఊరి తల్లిదండ్రులను కలుపుకొని వెళ్ళడం. ఒంటరి అర్జీ మూలపడుతుంది. ఊరు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ఆ సార్టింగ్ సోదరుడు మా నుండి కోరినది ఒక బదిలీ రద్దు. మేము ఇవ్వవలసినది అంతకు మించినది. నాడు చేయలేకపోయినాము. నేడు చట్టం చేతిలో ఉన్నది, సంఘం వెనుక ఉన్నది. ఇంకొక తండ్రి రాత్రి డ్యూటీ దిగి మన తలుపు తట్టకముందే మనం వెళ్ళి పురపాలక కార్యాలయం తలుపు తట్టుదాము.