డీజిల్ గేజి ఎక్కడ బిగించాలి?
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన వరికోతల్లో ధాన్యం లోడుతో మన సంఘం లారీ ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. పంపు పోయిందన్నారు. విప్పించాం, డబ్బు పోశాం. తీరా చూస్తే మూసుకుపోయింది డీజిల్ ఫిల్టరు! ఫిల్టరు దాటాక ప్రెషర్ చూపే గేజి ఉంటే ఆ రోజే తెలిసేది. అందుకే ఇప్పుడు బిగిస్తున్నాం.

మన పాత లారీలో ఫీడు పంపు ఫిల్టరుకు ముందుంది. కాబట్టి గేజి ఫిల్టరుకూ పెద్ద పంపుకూ మధ్యనే పెట్టాలి. ఎంత ప్రెషర్ ఉండాలో కంపెనీ మాన్యువల్లో చూసి, ముల్లు ఇంచుమించు మధ్యలో నిలిచే గేజి కొనాలి. పెద్ద పంపు దాటిన పైపుల జోలికి మాత్రం పోవద్దు. కొత్త కామన్ రైల్ బండ్లలో అక్కడ 1000 బార్లు దాటుతుంది. లీకుందేమోనని చెయ్యి పెడితే సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. సూదిపోటంత గాయమే కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

చౌక అని డీజిల్ గొట్టాన్నే క్యాబిన్‌లోకి లాగకండి. అది చిట్లితే డీజిల్ డ్రైవరు ఒళ్ళోనే పడుతుంది. సెన్సారు ఇంజన్ దగ్గరుండాలి, లోపలికి వైరే రావాలి, దానికి ఫ్యూజు ఉండాలి. ఇంజన్ చల్లారాక, బ్యాటరీ వైరు తీసి పని మొదలుపెట్టాలి. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, దాని పీలికలు లోపలికి పోయి ఇరుక్కుంటాయి. పాత రాగి వాషర్లు మళ్ళీ వాడొద్దు. చివర్లో ఎయిర్ తీయాలి.

కొత్త ఫిల్టరు వేసిన రోజు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు ఎక్కడుందో గేజి అద్దం మీద పెయింటు చుక్క పెడదాం. అది దిగితే ముందు ఫిల్టరు చూద్దాం, తర్వాత పైపుల్లో గాలి. పంపు విప్పడం ఆ తర్వాతే.