సీలు మార్చే ముందు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి, "మీ పాత కారు గురించి చెప్పండి, గొప్పలు మాత్రం వద్దు" అన్నారు. అందుకని కారు గురించి కాకుండా, ఆ కారు కింద కారిన నూనె గురించి చెబుతాను. అందులో గొప్పలకు చోటు లేదు.

మా నాన్నగారి బండి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చింది. దాని రూపం గీసినవాడు ఇటలీ దేశస్థుడు జొవాన్ని మికెలోట్టి. 1961 నుంచి 1971 దాకా మన పక్కనే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారు చేశారు. ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి, దాని మీద రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టారు. అదే 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. వెనక డిఫరెన్షియల్ రెండింటికీ ఒకే కుటుంబానిది. కాబట్టి నేను చెప్పేది ఆ స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

డిఫరెన్షియల్ ఎందుకు? పిల్లల కోసం ఒక లెక్క. అమీర్‌పేట చౌరస్తాలో మీరు కుడికి తిరిగారనుకోండి. బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. ఎంత ఎక్కువ? హెరాల్డ్ చక్రాల మధ్య దూరం నాలుగు అడుగులు. దాన్ని పై బై టూతో హెచ్చించండి: ఆరడుగులకు పైమాట. మలుపు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. కాగితం మీద వేసి చూడండి, మలుపు వ్యాసార్ధం కొట్టుకుపోతుంది. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఆ ఆరడుగులూ టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే. అలా కాకుండా, ఇంజిను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూనే వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. 1820లలోనే ఫ్రాన్సులో పెకర్ అనే ఆయన ఆవిరి బండి కోసం దీన్ని రూపొందించాడు.

స్పిట్‌ఫైర్ మొదటి మోడళ్లలో 9 పళ్ల పినియన్ 37 పళ్ల క్రౌన్‌ను తిప్పుతుంది. ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా రాసుకుంటూ జారతాయి. అందుకే మామూలు ఇంజన్ ఆయిల్ సరిపోదు, గంధకం వాసన వచ్చే చిక్కటి 90 గేరాయిల్ పోయాలి. లోపల పట్టేది అర లీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే. అందులో నాలుగో వంతు కారిపోయినా పళ్లకు ముప్పే. ఇవాళ ఆ క్రౌన్, పినియన్ జత కొత్తది కావాలంటే అంత తేలిగ్గా దొరకదు.

మా బండి కారడం మొదలైంది. మేముండేది బేగంపేటలో అపార్ట్‌మెంట్‌లో. సెల్లార్‌లో నల్లటి మరకలు. ఒక పెద్దాయన స్కూటరు ఆ మరక మీద జారింది. ఆయనకు దెబ్బ తగలలేదు గానీ, మర్నాడే అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది: నెల రోజుల్లో బాగుచేయించండి, లేదా బండి తీసేయండి. వాళ్లు అడిగింది న్యాయమే. నాన్నగారు పోయాక అమ్మకానికి ఎవరొచ్చినా అమ్మ ఒప్పుకోలేదు. ఈసారి ఆవిడే, "ఎవరి కాలో విరిగేదాకా ఉంచుకోవద్దు నాన్నా" అంది. తుక్కు కొనే అతను వచ్చి చూసి, ధర కూడా చెప్పి వెళ్లాడు.

అప్పటికే రెండు షెడ్లలో రెండుసార్లు సీళ్లు మార్చారు. రాణిగంజ్‌లో సైజు చూపించి కొన్న కొత్త సీళ్లే. రెండోసారి కూడా కారేసరికి ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "కొత్త సీలు ఏసినం సార్, ఇంకేం జేస్తం? పాత బండి గద, కారుతది" అన్నాడు. ఆ షెడ్డులోనే ఐటీఐ చదివి పనికొచ్చిన ఒక కుర్రవాడున్నాడు. పానాలు అందిస్తూ, "సార్, నిలబెట్టినప్పుడు కారుతుందా, తిరిగొచ్చినంకనా?" అని అడిగాడు. అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని పరీక్ష పెట్టాం. మన సైన్సు మాస్టారు ల్యాబులో చేయించినట్టే, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అని మూడు గళ్లు గీసుకున్నాం. డిఫరెన్షియల్‌ను కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పైనంతా టాల్కం పౌడరు చల్లాం. తెల్లటి పొడి మీద నూనె చార ఎక్కడ మొదలవుతుందో ఇట్టే తెలుస్తుంది. రాత్రంతా నిలబెడితే ఒక్క చుక్క లేదు. పంజగుట్ట దాకా వెళ్లొస్తే అప్పుడూ లేదు. గంటసేపు తిప్పి, చేయి ఆనించలేనంత వేడెక్కాక చూస్తే, ముందున్న పినియన్ సీలు దగ్గరా, ఎడమ పక్క షాఫ్ట్ సీలు దగ్గరా ఒకేసారి చారలు.

రెండు కొత్త సీళ్లు, రెండు వేర్వేరు చోట్ల, ఒకే గంటలో పాడవుతాయా? రెండింటినీ ఒకటే ఏదో తోస్తోందని అర్థమైంది.

లోపల నూనెతో పాటు గాలి కూడా ఉంటుంది. పెట్టె మూసుకుపోతే, 30 డిగ్రీల గాలి 80 డిగ్రీలకు వేడెక్కితే ఏమవుతుంది? ఇది తొమ్మిది, పది తరగతుల్లో చేసిన లెక్కే. పరమ ఉష్ణోగ్రతలో 303 నుంచి 353. పీడనం ఆరో వంతు పెరుగుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 170 గ్రాముల తోపు. ఆయిల్ సీలు చేయాల్సిన పని నూనెను తుడిచి లోపల ఉంచడం. లోపలి గాలి తోపును గంటల తరబడి ఆపడం దాని పని కాదు. ఎంత కొత్త సీలైనా దాని రబ్బరు పెదవి పక్కకు జరిగి నూనెను వదిలేస్తుంది. చల్లారేటప్పుడు దీనికి తిరగేసి జరుగుతుంది: వానాకాలం రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి వేడి బండి దిగితే, అదే పెదవి సందులోంచి లోపలికి తేమను పీలుస్తుంది.

అందుకే తయారుచేసినవాళ్లు పెట్టె పైభాగంలో చిన్న రంధ్రం ఉంచారు. దాన్ని బ్రీదర్ అంటారు. అందులో వదులుగా ఒక స్ప్లిట్ పిన్ వేలాడుతుంది. బండి కదిలినప్పుడల్లా అది ఆడుతూ రంధ్రంలో మట్టి చేరకుండా చూస్తుంది. అంత చవకైన, అంత తెలివైన ఏర్పాటు నేను ఎక్కువ చూడలేదు. మా బండికి ఆ రంధ్రం ఎక్కడుందో వేళ్లతో తడిమి వెతకాల్సి వచ్చింది. వానాకాలానికి ముందు తుప్పు పట్టకుండా అడుగున నల్లటి కోటింగ్ కొట్టించాం. కొట్టినవాళ్లు బ్రీదర్ మీద కూడా దట్టంగా కొట్టారు. పిన్ను రాయిలా బిగిసిపోయింది.

ఇక మరమ్మతు. కోటింగును గీకి, పిన్ను పీకి, రంధ్రాన్ని తీగతో శుభ్రం చేశాం. లోపల చెత్త పడి ఉండొచ్చని పాత నూనె మొత్తం తీసేశాం. పెదవులు దెబ్బతిన్నాయి కాబట్టి సీళ్లూ మార్చాం. పినియన్ నట్టు విప్పే ముందు దాని స్థానాన్ని సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టాం. బేరింగుల బిగువు ఆ నట్టు మీద ఆధారపడుతుంది, ఇష్టం వచ్చినట్టు బిగిస్తే బేరింగు పోతుంది. పాత సీలు ఏళ్ల తరబడి రాసుకున్న చోట ఫ్లాంజి మీద గోరు తట్టేంత గాడి పడింది. కొత్త సీలు పెదవి ఆ గాడిలోనే కూర్చోకుండా కొంచెం పక్కన ఆనేలా అమర్చాం. సీలు స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపే ఉండాలి. చివరగా, బండిని సమంగా నిలబెట్టి, నింపే రంధ్రం అంచు దాకానే నూనె పోయాలి. 'ఇంకొంచెం ఉంటే మంచిదే' అనుకుని ఎక్కువ పోస్తే అదీ కారుతుంది.

తర్వాతి ఆదివారం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అనంతగిరి కొండల దాకా వెళ్లొచ్చాం. రాత్రి సెల్లార్‌లో బండి కింద తెల్ల కాగితం పరిచాను. పొద్దున అసోసియేషన్ సెక్రటరీ గారే వంగి చూసి, కాగితాన్ని తీసి నా చేతికిచ్చారు. దాని మీద మరక లేదు. ఆ కుర్రవాడు ఇప్పుడు సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. పాత బండ్లవాళ్లు వెతుక్కుంటూ అతని దగ్గరికి వెళ్తున్నారు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆ రోజు షెడ్డులో పనిమంతులకు కొదవ లేదు. ఉస్తాద్ చేతిలో ఉన్న నేర్పు నాకు ఈ జన్మలో రాదు. కావాల్సింది ఒక్క ప్రశ్న, దాన్ని అడగడానికి భయపడని ఒక పిల్లవాడు. మీరు క్లాసులో 'ఎందుకు సార్' అన్నవాణ్ణి కూర్చోమనకుండా ఉన్నందుకు మాలాంటివాళ్లం ఎంతమందిమో మీకు రుణపడి ఉన్నాం.

ఈ స్వర్ణోత్సవానికి మా బ్యాచ్ తరఫున ఒక చిన్న కానుక తెచ్చాం. తుక్కులో దొరికిన అంబాసిడర్ డిఫరెన్షియల్‌ను ఒక పక్క కోయించి, శుభ్రం చేసి, బల్ల మీద బిగించి ఫిజిక్స్ ల్యాబులో పెట్టించాం. పిల్లలూ, సభ అయ్యాక వెళ్లి చూడండి. పినియన్‌ను కదలకుండా పట్టుకుని ఒక పక్క షాఫ్టును తిప్పండి, రెండోది ఎటు తిరుగుతుందో చూడండి. ఎందుకలా తిరుగుతుందో మాత్రం నేను చెప్పను. మీ మాస్టారిని అడగండి.

సెలవు.