డాక్టరమ్మ దాచుకోని విద్య



మా పెద్దవాడికి ఏడాది వయసులో విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. మెట్రిక్ చదివినదాన్ని, నేనూ తలూపి మంచినీళ్లు మానిపించాను. కళ్లు పీక్కుపోయి, నాలుక పిడచగట్టుకుపోయాక ఆసుపత్రికి పరుగెత్తాం. దేవుడి దయవల్ల బిడ్డ దక్కాడు. జామ్‌ఖేడ్ పల్లెల్లో అక్షరం ముక్క రాని ఆడవాళ్లు ఇలాంటి పొరపాటు చేయరని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను. వాళ్లకు ఆ తెలివిడి కలిగించిన డాక్టరమ్మ మేబెల్ ఆరోలే గురించి ఈవేళ చెప్పుకుందాం.

ఆమె, భర్త రజనీకాంత్ ఆరోలే, ఇద్దరూ వేలూరులో వైద్యం చదివారు. 1970లో మహారాష్ట్రలోని అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో, కరువు ప్రాంతమైన జామ్‌ఖేడ్‌కు వచ్చి స్థిరపడ్డారు. అప్పట్లో ఆ పల్లెల్లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 176 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారట!

మొదట ఊళ్లకు నర్సులను పంపి చూశారు. వాళ్లు అక్కడ నిలవలేకపోయారు. అప్పుడు, మీలోంచే ఒక ఆడమనిషిని ఎంచి పంపండని ఊరివాళ్లనే అడిగారు. అలా వచ్చినవారిలో చాలామంది చదువురానివారు, దళితవాడల వారూ ఉన్నారు. వారం వారం వాళ్లను పిలిపించి పాఠాలు చెప్పేవారు. విరేచనాలైన బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టడం, పిల్లల బరువు చూడడం, శుభ్రంగా పురుడు పోయడం, ఇవే ఆ పాఠాలు. ఒకప్పుడు గడప తొక్కనివ్వని ఇళ్లవాళ్లే, బిడ్డకు జబ్బు చేస్తే వాళ్ల కోసం కబురు పెట్టసాగారు.

1979లో ఆ దంపతులకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 1999లో మేబెల్ గారు కన్నుమూసేనాటికి ఆ పల్లెల్లో శిశుమరణాలు వెయ్యికి ముప్పై లోపుకు దిగాయి.

మరి ఆ పాఠం మనమూ గుర్తుపెట్టుకుందాం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి. ఉప్పు అంతకు మించకూడదు సుమండీ! మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లం దొరికితే మరీ మంచిది. కొద్దికొద్దిగా పడుతూ ఉండండి. తల్లిపాలు మానిపించవద్దు. బిడ్డ తాగలేకపోయినా, మగతగా పడివున్నా, విరేచనంలో నెత్తురు కనిపించినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఈ సంగతి మీ ఇంట పనిచేసే అమ్మాయికీ, పక్కింటి కొత్త తల్లికీ చెప్పండి. మేబెల్ గారు చేసింది అదే కదా! తన విద్యను తనలోనే దాచుకోలేదు.