మూత్రపిండములు: నొప్పిమాత్రలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు చెంతనున్న లాడ్ బజారు గాజులకు ప్రసిద్ధి. లక్కగాజులు చేయు పనివారు బొగ్గుల కుంపటి యెదుట కూర్చుండి, కరగిన లక్కను సాగదీసి, అది చల్లారకముందే రాళ్లు అద్దవలెను. వేసవిలో బయట ఎండ 40 డిగ్రీలు దాటును. లోపల కుంపటి సెగ. చేతిలోని పని విడిచి నీటికై లేచుట సులభము కాదు. అలసటకు ఇరానీ చాయ్, నడుమునొప్పికి వైద్యుని చీటీ లేకయే తెచ్చుకొన్న మాత్ర. పల్లెలో కోతకూలి స్థితియు ఇంతకు భిన్నము కాదు. కుంపటికి బదులు ఎండ, చాయ్‌కి బదులు కల్లు.

చెమట, చాలని నీరు, నొప్పిమాత్ర, ఈ మూడును కలిసినచోటనే మూత్రపిండమునకు ముప్పు. నడుమున కిరుప్రక్కల పిడికెడంత పరిమాణములో నుండు ఈ అవయవములలో ఒక్కొక్కదానియందు సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. అవి రెండును దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, లీటరున్నర మాత్రము మూత్రముగా విడిచి, తక్కినదంతయు రక్తమునకే అప్పగించును. ఇంతటి పొదుపరియైన గృహిణి వేరొకతె యుండదు! ఒంటిలో నీరు తగ్గినపుడు మూత్రపిండము ఒక పదార్థమును పుట్టించుకొని తన రక్తనాళములు ముడుచుకొనకుండ కాపాడుకొనును. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు సరిగా ఆ పదార్థమునే అణచివేయును. నొప్పి తగ్గును; జల్లెడకు రక్తము అందదు. వైద్యుడు చెప్పగా రెండుదినములు మ్రింగినచో ఆరోగ్యవంతునకు సాధారణముగా హాని లేదు. నెలల తరబడి అలవాటైనచో మాట వేరు. తలనొప్పి మందులను ఏండ్లకొలది వాడినవారి మూత్రపిండములు చెడుటను స్విట్జర్లాండులో స్ప్యూలర్, జోలింగర్ అను వైద్యులు 1953లోనే వెల్లడించిరి. ఆ మందులలోని ఫెనాసెటిన్‌ను తరువాత పెక్కు దేశములు నిషేధించెను.

అయినను అన్నింటికంటె పెద్ద శత్రువులు మధుమేహము, రక్తపుపోటు. మొదటిది జల్లెడను చిల్లులు పరచును. రెండవది నాళములను గట్టిపరచును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మాత్రము ఈ రెండును లేనివారికి సైతము వ్యాధి వచ్చుచున్నది. దాని మూలము నేటికిని తేలలేదు.

ఈ వ్యాధి చప్పుడు చేయదు. పాదములు వాచి, అన్నము సహింపక, ఊపిరాడని స్థితి వచ్చునప్పటికి మూత్రపిండముల శక్తిలో అధికభాగము నశించియుండును. ఆ పిమ్మట వారమునకు రెండుమూడు పర్యాయములు, పర్యాయమునకు సుమారు నాలుగు గంటలు, రక్తమును యంత్రముచే శుద్ధి చేయించుకొనవలెను. మూసీకి ఆవలి యొడ్డున అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా వైద్యశాలకు ఇట్టి రోగులు పల్లెలనుండియు వచ్చుచుందురు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన చికిత్స వ్యయము తీరినను, పోయిన కూలిదినములు తిరిగి రావు.

1827లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ బ్రైట్ రోగి మూత్రమును చెంచాలో పోసి క్రొవ్వొత్తిపై కాచి, అది తెల్లగా విరుగుటను చూచి వ్యాధిని గుర్తించెడివాడు. నేడు మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ చూచిన చాలును. చక్కెరవ్యాధి, రక్తపుపోటు గలవారును, ఇంటిలో ఈ వ్యాధి యున్నవారును ఏటికొక్కసారియైనను ఈ రెండు పరీక్షలు చేయించుకొనవలెను. మ్రింగుచున్న మాత్రల పేరు, పసరుమందైనను భస్మమైనను, వైద్యునికి దాచరాదు. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్నచెంచా. ఆవకాయలోనిదియు అప్పడములోనిదియు ఆ లెక్కలోనివే. ఎండలో పనిచేయువారు దాహమగువరకు ఆగక నీరు త్రాగవలెను. పాదములు వాచినవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యుని అడిగియే త్రాగవలెను.