కొలువు మారిన రోజు పీఎఫ్ ఏమవుతుంది?



మన ధారూర్‌కు ఒకవైపు తాండూరు నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. మరోవైపు వికారాబాద్ మీదుగా హైదరాబాద్ కొలువులు. ఈ రోజు పట్టా అందుకుంటున్న మీరు ఎటు వెళ్లినా, మీలో చాలామందికి తొలి జీతపు చీటీలో అడగకుండానే ఒక కోత కనిపిస్తుంది. అదే పీఎఫ్, అంటే ప్రావిడెంట్ ఫండ్.

20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో మూలవేతనం, కరువు భత్యం కలిపి 15,000 రూపాయలు దాటని ఉద్యోగిని తప్పనిసరిగా ఇందులో చేర్చుకోవాలి. ఉద్యోగి 12 శాతం కడితే యజమానీ 12 శాతం కట్టాలి. యజమాని వాటాలోంచి నెలకు గరిష్ఠంగా 1,250 రూపాయలు 1995 నాటి పెన్షన్ పథకానికి వెళ్తాయి.

బ్రిటన్‌లోనూ 2012 అక్టోబరు నుంచి యజమానులే ఉద్యోగులను పెన్షన్‌లో చేరుస్తున్నారు. వద్దనుకున్నవారు నెలలోపు బయటికి రావచ్చు. అయినా పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఉండిపోయారు. అందరూ లెక్కలు వేసి ఉండిపోయారని కాదు. ఉండడానికి ఏమీ చేయనక్కర్లేదు, మానుకోవడానికే దరఖాస్తు పెట్టాలి. పైగా మానుకుంటే యజమాని వాటా పోతుంది.

మన దగ్గర కొలువులో ఉండగా సభ్యత్వం వదులుకునే వీల్లేదు. ఆ డబ్బు తీసేసుకోవాలా, కొత్త కొలువుకు బదిలీ చేసుకోవాలా అన్న అసలు పరీక్ష కొలువు మానిన రోజున వస్తుంది.

ఆ రోజున చెల్లె పెళ్లో, బోరు అప్పో, ఆస్పత్రి బిల్లో ముందుంటుంది. చేతిలో ఇంకో కొలువు ఉండదు. పీఎఫ్ రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే, బదిలీ మాట దేవుడెరుగు, వచ్చిందే చాలనిపిస్తుంది. ఇలా డబ్బు తీసుకునేవారికి ముందుచూపు లేదనడం అన్యాయం. 2016లో యజమాని వాటాను 58 ఏళ్ల వరకు తీసుకోకూడదని కేంద్రం నిబంధన పెడితే, ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు, ఎక్కువమంది మహిళలు, వేలాదిగా రోడ్డెక్కారు. కొలువుకూ కొలువుకూ మధ్య ఇల్లు గడిపేది ఆ డబ్బే. కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది.

అయినా డబ్బు తీసుకున్నప్పుడు పోయేదేమిటో కార్మికులకు తెలియాలి. నెలనెలా పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. 15,000 వేతనం మీద పదేళ్లు నిండితే 58వ ఏట నుంచి నెలకు సుమారు 2,143 రూపాయలు వస్తాయి. పెద్ద మొత్తం కాదు, నిజమే. 2014లో పెట్టిన 1,000 రూపాయల కనీస పెన్షన్ ఈ ధరలకు ఏ మూలకూ చాలదు. కానీ అది బతికున్నంతకాలం వస్తుంది, తర్వాత భార్యకో భర్తకో అందుతుంది. పదేళ్లు నిండకముందే పెన్షన్ సొమ్ము తీసుకుంటే ఆ సర్వీసు చెరిగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి లెక్క. తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే పాత ఏళ్లు కొత్త కొలువులో కలుస్తాయి. ఈ సంగతి కార్మికుడికి చెప్పేవారు తక్కువ.

20 మంది లేని చిన్న యూనిట్లలో ఈ కోతా లేదు, ఈ కాపుదలా లేదు. అక్కడ పనిచేసే 18 నుంచి 40 ఏళ్ల వారికి 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన ఉంది. కానీ అందులో ఎవరికి వారే చేరాలి.

మీలో కొందరు రేపు అకౌంటెంట్లు, హెచ్ఆర్ ఉద్యోగులు అవుతారు. చేరిన రోజే కార్మికుడి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిచూడండి. మానేసే రోజున బదిలీ గురించి, స్కీమ్ సర్టిఫికెట్ గురించి అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి.