ముక్క పరీక్ష వెనుక మనిషి



రొమ్ములో గడ్డ ఉన్నా, గర్భసంచి తీసినా 'ముక్క పరీక్షకు పంపాం' అనే మాట మనం వింటూనే ఉంటాం. ఆ ముక్కను చూసి క్యాన్సర్ అవునో కాదో తేల్చేది పాథాలజిస్టు. రోగికి మేము కనబడం. అందుకే మా చదువు గురించీ, అందులో స్త్రీల హక్కుల గురించీ ఎవరూ మాట్లాడరు.

ముందు చదువు సంగతి. ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలి. 2017 నుంచి ఎండీ సీట్లకు నీట్ పీజీయే ప్రవేశపరీక్ష. ఎయిమ్స్ వంటి జాతీయ సంస్థలకు మాత్రం వేరే పరీక్ష ఉంది. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు అఖిల భారత కోటాకు, సగం రాష్ట్రానికి. రాష్ట్ర కౌన్సెలింగును తెలంగాణలో కాళోజీ, ఆంధ్రలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు జరుపుతాయి. కోర్సు మూడేళ్లు. అందులో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి, థీసిస్ రాయాలి.

సీటు ఎంచుకునేటప్పుడు ఇంట్లో అనే మాట ఒకటుంది: 'ఆడపిల్లకు పాథాలజీ హాయి, ఇల్లు కూడా చూసుకోవచ్చు.' సర్జన్ కావాలనుకున్న ఎందరో అమ్మాయిలను ఈ మాటే ఇటు తోసింది. ఇందులో అన్యాయం రెండు విధాలు. ఇల్లు చూసుకోవడం ఆమె ఒక్కదాని పనే అనడం మొదటిది. ఈ పని తేలికనడం రెండోది. ఆపరేషన్ బల్ల మీద రోగి ఉండగానే ముక్కను గడ్డకట్టించి, కోసి, రంగు వేసి, నిమిషాల్లో జవాబు చెప్పాలి. ఆ జవాబును బట్టే రొమ్ము ఎంత తీయాలో సర్జన్ నిర్ణయిస్తాడు.

అవయవాలను కోసే గదిలో ఫార్మలిన్ కళ్లను మండిస్తుంది. అందులోని ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. నేను చదివిన చోట ఆ గదికి ఒక్క కిటికీయే దిక్కు. కడుపుతో ఉన్న తోటి విద్యార్థిని వేరే పని ఇవ్వమని అడిగితే, 'అందరూ చేశారు, నువ్వూ చెయ్యి' అన్నారు. గాలిని బయటకు లాగే యంత్రం దయతో ఇచ్చేది కాదు, పనిచేసే మనిషి హక్కు.

కాగితం మీద కొన్ని హక్కులున్నాయి. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవును గుర్తించాయి. సహేతుకమైన పనిగంటలు ఉండాలన్నాయి. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆసుపత్రిలో లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉండాలి. అయినా 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరుపై అత్యాచారం చేసి చంపారు. చట్టం పుస్తకంలో ఉంటే చాలదని ఇంతకన్నా ఎవరు చెప్పాలి?

మీరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రులకు వెళ్తుంటారు. రిపోర్టు ఎందుకు ఆలస్యమైందని తప్పక అడగండి. దాంతోపాటు ఆ గదిలో గాలి ఆడుతోందా, ఎంతమంది పనిచేస్తున్నారు, కమిటీ సభ్యుల పేర్లు గోడమీద ఉన్నాయా అనీ అడగండి. అలసిపోయిన కళ్లు ముక్కను తప్పుగా చదివితే నష్టపోయేది మరో స్త్రీయే. మీ హక్కూ మా హక్కూ ఒకే గాజుపలక మీద ఉన్నాయి.