సున్నా కనిపిస్తే నమ్మకండి

పట్టాలు పుచ్చుకుంటున్న మీకు ఆ గౌన్లలో ఎంత ఉక్కపోస్తోందో మీ ముఖాలే చెబుతున్నాయి కాబట్టి మర్యాదలు పక్కన పెట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ వాణ్ణి. ఉద్యోగమంతా బొగ్గుబాయిల్లో గాలిని కొలవడంతోనే గడిచింది. నాకు ఆ పని నేర్పింది ఒక మైనింగ్ సర్దార్. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి, మంట మీద నీలిరంగు పొర లేస్తే మీథేన్ ఉందనేవాడు. దీపమే కొడిగడితే ఆక్సిజన్ తగ్గిందనేవాడు. కప్పును కర్రతో కొట్టి, చప్పుడు బోలుగా వినిపిస్తే నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవాడు. తర్వాత మేం గనుల్లో తీగలు లాగాం. ఆ తర్వాత తీగల్లేని సెన్సార్లు పెట్టాం.

భూమి లోపల వైర్‌లెస్ అంటే ఇక్కడ మీరు జేబులో పెట్టుకు తిరిగే సుఖం కాదు. మామూలు రేడియో తరంగం రాతిలో ఎక్కువ దూరం పోలేదు. సొరంగం తిన్నగా ఉన్నంతసేపు పోతుంది, మలుపు రాగానే నీరసిస్తుంది. అందుకని మలుపు మలుపుకీ ఒక నోడు పెట్టి, ఒకదాని నుంచి ఇంకొకదానికి కబురు అందించాలి. పర్యాటకులకు తెరిచిన గనిలో దారికి అడ్డంగా సందర్శకులు గుంపుగా నిలబడి సెల్ఫీలు తీసుకుంటే, మనుషుల ఒంట్లోని నీరే కొంత సిగ్నల్ తాగేస్తుంది. ప్రతి నోడుకూ బ్యాటరీ ఉంటుంది. ప్రతి బ్యాటరీకీ ఒక చావు తేదీ ఉంటుంది.

రిటైరయ్యాక, మూతపడ్డ ఒక గనిని చూసిపొమ్మని పిలిచారు. పేరు చెప్పను. పర్యాటకుల కోసం తెరిచారు, టిక్కెట్ల గదిలో పెద్ద తెర పెట్టారు. తెర నిండా పచ్చచుక్కలే. ఒక చోట మీథేన్ సున్నా. నిన్న సున్నా, మొన్న సున్నా, వెనక్కి వెళ్లి చూస్తే దసరా నుంచీ సున్నాయే! "మా గని అంత శుభ్రమైనది సార్" అన్నాడు అక్కడి కుర్రాడు, వినయంగానే. కిందికి దిగి చూశాం. ఆయుధపూజ నాడు సెన్సారుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు సరిగ్గా గాలి లోపలికి వెళ్లే జల్లెడ మూతి మీద! పక్కదాని బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. తెర మాత్రం దాని ఆఖరి అంకెనే నమ్మకంగా చూపిస్తోంది. దేవుడి మీద భక్తి ఉండొచ్చు నాయనా, సెన్సారుకు ఊపిరాడనియ్యాలి కదా.

నా బాధంతా ఈ సున్నాతోనే. ఎలక్ట్రానిక్స్ పిల్లలు ఇక్కడ ఫోన్లు పక్కన పెట్టండి. గనుల్లో ఎక్కువగా వాడే మీథేన్ సెన్సారు, వాయువును ఒక చిన్న పూస మీద మండించి ఆ వేడిని కొలుస్తుంది. మండాలంటే ఆక్సిజన్ కావాలి. వదిలేసిన గ్యాలరీల్లో మిగిలిన బొగ్గు, పుచ్చిన కలప ఉన్న ఆక్సిజన్‌ను మెల్లగా తినేస్తాయి. అలాంటి చోట మీథేన్ నిండుగా ఉన్నా ఈ సెన్సారు తక్కువే చూపిస్తుంది. మీథేన్ 1.25 శాతానికి చేరితే బొగ్గుగనిలో కరెంటు ఆపేస్తాం. 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలడానికి నిప్పురవ్వ చాలు. పక్కన ఆక్సిజన్ సెన్సారు లేకుండా మీథేన్ సెన్సారు ఒక్కదాన్నే వేలాడదీసిన డిజైన్ నా ముందుకు తెస్తే, మీరు గోల్డ్ మెడలిస్టయినా సరే, కాగితం చింపేస్తాను.

కొలిచిన అంకె పక్కన కొలిచిన టైము చూపించండి. కబురు రాకపోతే చుక్క ఎర్రబడాలి. హాస్టల్ నుంచి మీరు వారమంతా ఫోన్ చేయకపోతే, క్షేమంగానే ఉండుంటాడులే అని మీ అమ్మ ఊరుకుంటుందా? వెనక నవ్వుతున్న అమ్మలను అడగండి.

తెరిచి ఉంచిన పాత గనిని ఎలా కాపాడుకుంటారో చూడండి: పోలండ్‌లో క్రాకోవ్ దగ్గర వియెలిచ్కా ఉప్పుగని ఉంది. 13వ శతాబ్దం నుంచి తవ్వారు. భూమికి 101 మీటర్ల కింద గని పనివాళ్లే ఉప్పురాతిలో చెక్కిన ప్రార్థనా మందిరం చూస్తే నోట మాట రాదు. 1978లో ఈ గని యునెస్కో తొలి వారసత్వ జాబితాలోనే చేరింది. 1989లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాకెక్కింది. కారణం బాంబులు కాదు, తేమ. యంత్రాలతో లోపలికి పంపిన గాలితో వచ్చిన తడికి ఉప్పు శిల్పాలు కరిగిపోసాగాయి. తేమ తీసే ఏర్పాట్లు చేశాక 1998లో ఆ జాబితా నుంచి బయటపడింది. మధ్యలో 1992లో నీరు విరుచుకుపడితే దానితో పోరాడారు. 1996లో ఉప్పు తవ్వకం ఆపేశారు, గని మనుషులను మాత్రం ఆపలేదు. నేటికీ వాళ్లు దిగుతారు, కప్పుకు ఊతాలు కడతారు, ఊరిన ఉప్పునీటిని పైకి తోడతారు. దానికి భిన్నంగా, మన చిత్తూరుకు దగ్గర్లోనే ఉన్న కోలార్ బంగారు గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతు. 2001లో మూసేశారు, నీళ్లు నిండాయి. అక్కడ ఇక ఏ సెన్సారు వేలాడదీస్తారు?

ఇప్పుడు మన దగ్గరా పాత గనులను చూపించి టిక్కెట్లు అమ్ముదామనే ఉత్సాహం పెరుగుతోంది. మంచిదే. మా సర్దార్ లాంటివాళ్లు ఎక్కడ బతికారో మీ పిల్లలు చూడాలి. ఆ టెండర్లు రాసేది, సాఫ్ట్‌వేర్ తయారుచేసేది రేపు మీరే. సెన్సార్ల ధరతో పాటు, నెల నెలా తెలిసిన మోతాదు గ్యాసు పట్టి వాటిని పరీక్షించే మనిషి జీతం కూడా అంచనాలో రాయండి. అర్ధరాత్రి అలారం మోగితే ఎవరు లేస్తారో పేరుతో సహా రాయండి. ఖర్చు తగ్గించాలని ఎవరైనా ఆ రెండు పద్దులూ కొట్టేస్తే, దాని కింద మీ సంతకం పెట్టకండి.